పదకొండు ఓట్లు వచ్చినా నెగ్గని వాక్యం: 1919లో జాతి సమానత్వ ప్రతిపాదనకు ఏం జరిగింది?

"మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక జపాన్ జాతి సమానత్వం కోరింది, అమెరికా అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ అడ్డుపడ్డాడు. రెండో యుద్ధానికి బీజం అక్కడే పడింది." ఈ మాటలు సామాజిక మాధ్యమాల్లో ఏడాదికోసారైనా చక్కర్లు కొడుతూ ఉంటాయి. ఇందులో అబద్ధం లేదు, పూర్తి నిజమూ లేదు. జపాన్ కోరిన సమానత్వం ఎవరికి? విల్సన్ ఏ నిబంధన చూపించి ఆపాడు? ఆ వాక్యం నెగ్గి ఉంటే ఎవరి బతుకు మారేది? ఈ మూడు ప్రశ్నలు వేసుకుంటే కథ అడ్డం తిరుగుతుంది.

పారిస్‌లో కూర్చున్నది ఎవరు, దేనికి?

1919 జనవరి 18న పారిస్‌లో శాంతి మహాసభ మొదలైంది. జర్మనీతో ఒప్పందం ఎలా ఉండాలన్నది ప్రధానమైన పని. దానితో పాటు ఇకముందు యుద్ధాలు రాకుండా చూసే ఒక అంతర్జాతీయ సంస్థను నిర్మించాలన్నది విల్సన్ కల. అదే నానాజాతి సమితి, నేటి ఐక్యరాజ్యసమితికి ముందు తరం. దాని నియమావళిని ఒడంబడిక అంటారు. ఒడంబడిక ముసాయిదా రాయడానికి విల్సన్ అధ్యక్షతన ఒక సంఘం ఏర్పడింది. అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్, ఇటలీ, జపాన్‌లకు ఇద్దరేసి ప్రతినిధులు, తొమ్మిది చిన్న దేశాలకు ఒక్కొక్కరు, మొత్తం 19 మంది. క్రియోన్ హోటల్లో సమావేశమయ్యేవారు.

జపాన్ ఆ అయిదింటిలో ఒకటిగా కూర్చోవడమే అప్పటికి వింత. తెల్లవారు కాని దేశం అగ్రరాజ్యాల వరుసలోకి రావడం అదే మొదలు. యుద్ధంలో జపాన్ మిత్రపక్షాన నిలిచింది. 1914లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ సైనికులను తీసుకువెళ్లిన ఓడలకు హిందూ మహాసముద్రంలో కాపలాగా వచ్చిన యుద్ధనౌకల్లో జపాన్ నౌక ఇబుకి ఒకటి. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోవాలి. అయిదేళ్లు తిరగకుండానే జపాన్‌కు అందరికంటే గట్టిగా అడ్డు నిలిచింది ఆస్ట్రేలియాయే.

భారతదేశం కూడా పారిస్‌లో ఉంది, అయితే బ్రిటిష్ సామ్రాజ్య బృందంలో భాగంగా. ఎడ్విన్ మాంటేగు, ఎస్.పి. సిన్హా, బికనీర్ మహారాజు గంగాసింగ్ మనకు ప్రతినిధులు. స్వాతంత్ర్యం రాకముందే నానాజాతి సమితిలో వ్యవస్థాపక సభ్యత్వం దక్కిన దేశం మనది. పేరుకే అయినా సభ్యత్వం సభ్యత్వమే. దాని ఫలితం ముందు ముందు కనిపిస్తుంది.

జపాన్‌కు తగిలిన దెబ్బలు

జపాన్ ఈ ప్రతిపాదన ఎందుకు తెచ్చిందో తెలియాలంటే కాలిఫోర్నియాకు వెళ్లాలి. 1906లో శాన్‌ఫ్రాన్సిస్కో పాఠశాలల బోర్డు జపాన్ పిల్లలను తెల్ల పిల్లలతో కలిసి చదవనివ్వకుండా వేరే బడికి పొమ్మంది. ఊరంతా కలిపి అలాంటి పిల్లలు 93 మంది. ఆ 93 మంది కోసం రెండు ప్రభుత్వాల మధ్య రాయబారాలు నడిచాయి. చివరికి పిల్లలను మళ్లీ బడిలో చేర్చుకున్నారు. బదులుగా కూలీలను అమెరికాకు పంపబోమని జపాన్ ఒప్పుకుంది. 1913లో కాలిఫోర్నియా మరో చట్టం చేసింది: అమెరికా పౌరసత్వం పొందే అర్హత లేని విదేశీయులు వ్యవసాయ భూమి కొనకూడదు, కౌలుకు తీసుకున్నా మూడేళ్లకు మించకూడదు. జపాన్ పేరు చట్టంలో ఎక్కడా లేదు. పౌరసత్వ అర్హత లేనివారంటే ఆసియావాసులేనని అందరికీ తెలుసు.

పేరెత్తకుండా తలుపు మూసే ఈ విద్య బ్రిటిష్ వలసల్లో ఇంకా ముందే పుట్టింది. దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు 1860 నుంచి చెరకు తోటల పనికి మద్రాసు, కలకత్తా రేవుల నుంచి ఒప్పంద కూలీలు వెళ్లారు. మద్రాసు ఓడలెక్కినవారిలో తెలుగువారూ ఉన్నారు. వారి వెనకే సొంత ఖర్చులతో వ్యాపారులు వచ్చి పోటీకి దిగేసరికి అక్కడి తెల్లవారికి కన్నుకుట్టింది. 1897లో నటాల్ ఒక చట్టం చేసింది: బయటి నుంచి వచ్చేవారికి యూరప్ భాష ఒకటి రాయడం వచ్చి ఉండాలి. భారతీయుడన్న మాట అందులో రాయలేదు. లండన్ ప్రభుత్వానికి ఈ ఉపాయం నచ్చింది. సామ్రాజ్యంలో భారతీయ ప్రజలున్నారు, మిత్రదేశంగా జపాన్ ఉంది. వాళ్ల మొహం మీదే వద్దనడం బాగుండదు కదా!

1901లో ఆస్ట్రేలియా ఇదే పద్ధతిని తన వలస చట్టంలో పెట్టుకుంది. అధికారి 50 పదాల పాఠం చదువుతాడు, వచ్చినవాడు తప్పు లేకుండా రాయాలి. ఏ యూరప్ భాషలో చదవాలన్నది అధికారి ఇష్టం. ఈ పరీక్ష అసలు రంగు 1934లో బట్టబయలైంది. ఎగాన్ కిష్ అనే చెకోస్లోవేకియా రచయిత, వామపక్షవాది, ఆస్ట్రేలియాలో దిగాడు. చాలా యూరప్ భాషలు తెలిసినవాడు. ఏం చేయాలో తోచక అధికారులు ఆయనకు స్కాట్లండ్‌లోని గేలిక్ భాషలో పరీక్ష పెట్టారు. కేసు హైకోర్టుకు వెళ్తే, ఆ చట్టం ప్రకారం గేలిక్ యూరప్ భాషే కాదని తీర్పు వచ్చింది. ఈ పరీక్ష రద్దయింది 1958లో.

ఫిబ్రవరి వాక్యం, ఏప్రిల్ వాక్యం

చాలామంది తెలియక ఒకటిగా కలిపేసేది ఇక్కడే. జపాన్ తెచ్చిన ప్రతిపాదనలు రెండు.

1919 ఫిబ్రవరి 13న జపాన్ ప్రతినిధి మకినో నొబుఅకి మొదటిది చదివాడు. సమితి సభ్య దేశాల పౌరులు ఇతర సభ్య దేశాల్లో విదేశీయులుగా ఉన్నప్పుడు, వీలైనంత త్వరగా, వారికి అన్ని విషయాల్లో సమానమైన, న్యాయమైన ఆదరణ దక్కాలి. జాతిని బట్టి గాని, జాతీయతను బట్టి గాని చట్టంలోనూ ఆచరణలోనూ తేడా చూపకూడదు. స్థూలంగా దాని సారం అది. మత స్వేచ్ఛకు సంబంధించిన అధికరణానికి సవరణగా దీన్ని తెచ్చాడు. ఇది సామ్రాజ్యంలో తీవ్రమైన చిక్కులు తెస్తుందని బ్రిటన్ ప్రతినిధి రాబర్ట్ సెసిల్ అభ్యంతరం చెప్పాడు. ఆ రోజు విల్సన్ సమావేశానికి రాలేదు. చివరికి మత స్వేచ్ఛ అధికరణాన్నే మొత్తంగా తీసేశారు. దానితో సవరణా పోయింది.

ఆ తర్వాత రెండు నెలలు జపాన్ ప్రతినిధులు గడప గడపా తిరిగారు. కెనడా ప్రధాని బోర్డెన్, దక్షిణాఫ్రికా నేత యాన్ స్మట్స్ రాజీ కోసం ప్రయత్నించారు. వాక్యం నీరుగారుతూ వచ్చింది. ఏప్రిల్ 11న మకినో తెచ్చిన రెండోదానిలో జాతి అన్న మాటే లేదు. అధికరణం కూడా కాదు. దేశాల సమానత్వాన్ని, వాటి పౌరుల పట్ల న్యాయమైన ఆదరణను సూత్రప్రాయంగా ఆమోదిస్తున్నామని పీఠికలో ఒక్క ముక్క చేర్చమన్నాడు. పీఠికలోని మాటకు చట్టబలం దాదాపు ఉండదు. అంటే జపాన్ చివరకు అడిగింది హక్కును కాదు, మర్యాదను. అదీ దక్కలేదు.

ఆ వాక్యం నెగ్గి ఉంటే?

ఫిబ్రవరి ముసాయిదానే, అంటే బలమైనదానినే, యథాతథంగా ఆమోదించారనుకుందాం. దాన్ని పట్టుకుని ఎవరెవరు న్యాయం అడగగలిగేవారో చూద్దాం.

కాలిఫోర్నియాలో ఉన్న జపాన్ రైతు సంగతి. అతడు సభ్య దేశ పౌరుడు, అమెరికాలో విదేశీయుడు. భూమి కొనకూడదన్న చట్టం అతడిపై చూపే తేడాను వాక్యం సూటిగా ప్రశ్నిస్తుంది. వీలైనంత త్వరగా అన్న మాట అమెరికాకు గడువు ఇస్తుంది గాని, ప్రశ్న మాత్రం నిలబడుతుంది.

జార్జియా రాష్ట్రంలోని నల్లజాతి అమెరికన్ సంగతి. అతడు అమెరికా పౌరుడే, విదేశీయుడు కాడు. వాక్యం అతడిని తాకదు. అయినా నల్లజాతి నాయకులు ఈ ప్రతిపాదనపై ఆశ పెట్టుకున్నారు. వారిలో విలియం మన్రో ట్రాటర్ అనే పత్రికా సంపాదకుడికి అమెరికా ప్రభుత్వం పాస్‌పోర్టు ఇవ్వలేదు. ఆయన ఓడలో వంటవాడిగా చేరి పారిస్ చేరుకున్నాడు.

కొరియా రైతు సంగతి. 1910లో కొరియాను జపాన్ కలిపేసుకుంది కాబట్టి కాగితాల మీద అతడు జపాన్ ప్రజ. అతడికీ ఈ వాక్యం వర్తించదు. పారిస్‌లో మకినో సమానత్వం గురించి మంతనాలు జరుపుతున్న రోజుల్లోనే, మార్చి 1న, కొరియన్లు స్వాతంత్ర్యం కోరుతూ వీధుల్లోకి వచ్చారు. జపాన్ సైన్యం, పోలీసులు కర్కశంగా అణచివేశారు.

ఇక నటాల్‌లోని తెలుగు కూలీ సంగతి. భారతదేశం సమితి సభ్యురాలే. కానీ ఆ కూలీ బ్రిటిష్ రాజు ప్రజ. దక్షిణాఫ్రికా కూడా అదే రాజు పాలనలోని దేశం. సొంత రాజు రాజ్యంలో ఉన్న మనిషి విదేశీయుడు ఎలా అవుతాడని దక్షిణాఫ్రికా ప్రభుత్వ లాయరు అడిగితే జవాబు చెప్పడం కష్టం. మనవారికి దక్కేది అనుమానమే.

మకినో వాక్యం అన్ని జాతుల మనుషులకూ సమానత్వం ఇవ్వలేదు, ఇవ్వాలని రాసింది కూడా కాదు. అగ్రరాజ్యాల వరుసలో జపాన్ పౌరుడికి యూరప్ పౌరుడితో సమానమైన హోదా కోరింది. అందుకని అది బూటకమని కొట్టిపారేయడమూ సబబు కాదు. అంతర్జాతీయ ఒడంబడికలో జాతి పేరుతో తేడా చూపడం తప్పని రాయమని ఒక ప్రభుత్వం అడగడం చిన్న విషయం కాదు. అడిగినవాడి చేతులు శుభ్రంగా లేనంత మాత్రాన అడిగిన మాట తప్పైపోదు.

ఏప్రిల్ 11 రాత్రి

సమావేశానికి 17 మంది ప్రతినిధులు వచ్చారు. మకినో మాట్లాడాక ఇటలీ ప్రధాని ఓర్లాండో, ఫ్రాన్స్ ప్రతినిధి బూర్జువా, గ్రీసు ప్రధాని వెనిజెలోస్ మద్దతు పలికారు. సెసిల్ వ్యతిరేకించాడు. తనకు వ్యక్తిగతంగా సానుభూతి ఉన్నా ప్రభుత్వ ఆదేశం వేరుగా ఉందని చెప్పి, బల్ల మీదికి చూపు దించుకుని కూర్చుండిపోయాడు. విల్సన్ సలహాదారు హౌస్ ఒక చీటీ రాసి అధ్యక్షుడికి అందించాడు: ఈ సంఘం దీన్ని ఆమోదిస్తే ప్రపంచమంతటా జాతి సమస్య రగులుతుందన్నది దాని సారాంశం.

మకినో ఓటింగ్ కోరాడు. జపాన్ 2, ఫ్రాన్స్ 2, ఇటలీ 2, చైనా, గ్రీసు, బ్రెజిల్, సెర్బియా, చెకోస్లోవేకియా ఒక్కొక్కటి. మొత్తం 11. పదిహేడింటిలో పదకొండు అంటే దాదాపు మూడింట రెండొంతులు. జపాన్‌తో బద్ధ వైరం ఉన్న చైనా కూడా ఇందులో జపాన్ పక్షమే. వ్యతిరేకంగా ఎందరో లెక్కే తీయలేదు.

అప్పుడు విల్సన్ అధ్యక్ష స్థానం నుంచి తీర్పు చెప్పాడు: గట్టి అభ్యంతరాలు ఉన్నాయి కనుక, ఏకగ్రీవం కానందున ఇది ఆమోదం పొందలేదు. మెజారిటీ వచ్చింది కదా అని ఫ్రాన్స్ ప్రతినిధి లార్నోద్ గుర్తు చేశాడు. సమితి ప్రధాన కేంద్రం జెనీవాలో ఉండాలన్న నిర్ణయం మెజారిటీతోనే జరిగింది. అమెరికా ఖండాల్లో అమెరికా పెత్తనాన్ని గుర్తించే మన్రో సిద్ధాంతం ప్రస్తావన ఒడంబడికలో చేర్చడానికి ఫ్రాన్స్ అభ్యంతరం చెప్పినా విల్సన్ దాన్ని నెగ్గించుకున్నాడు. కావలసినప్పుడు అభ్యంతరం అడ్డు కాలేదు, అక్కరలేనప్పుడు అదే వీటో అయింది. ఓటు వేసినవారి సంఖ్య నమోదు చేయమని మాత్రం మకినో పట్టుబట్టాడు.

దోషి ఎవరు?

చరిత్రకారుల్లో దీనిపై ఏకాభిప్రాయం లేదు.

విల్సన్‌నే తప్పుపట్టేవారి చేతిలో బలమైన ఆధారాలున్నాయి. వాషింగ్టన్‌లో ప్రభుత్వ కార్యాలయాల్లో నల్లవారిని వేరుచేసే పద్ధతిని పెంచింది ఆయన ప్రభుత్వమే. ఆ రాత్రి నిర్ణయం ఆయన నోటి నుంచే వచ్చింది. ఆయన్ను సమర్థించేవారు సెనేట్ వైపు చూపిస్తారు: ఒప్పందానికి మూడింట రెండొంతుల సెనేటర్లు ఒప్పుకోవాలి, పశ్చిమ తీరంలో ఫీలన్ వంటి సెనేటర్లు జపాన్ వలసల మీద కత్తులు నూరుతున్నారు. ఆ ఒప్పందం తర్వాత సెనేట్‌లో ఎలాగూ వీగిపోయింది, అది వేరే సంగతి.

రెండో వాదన ప్రకారం అసలు అడ్డంకి ఆస్ట్రేలియా ప్రధాని బిల్లీ హ్యూస్. నూటికి 95 మంది ఆస్ట్రేలియన్లు సమానత్వమన్న ఆలోచననే ఒప్పుకోరని ఆయన తేల్చిచెప్పాడు. వలసలకు దీనితో సంబంధం లేదని రాసిస్తామన్నా వినలేదు. అవసరమైతే బహిరంగంగా ప్రచారం చేసి అమెరికాలోనూ గోల రేపుతానన్నాడు. 60,000 మంది మృతవీరుల తరఫున మాట్లాడుతున్నానని చెప్పే మనిషిని కాదనే సాహసం లండన్‌కు లేదు.

హ్యూస్‌ను విలన్‌ను చేయడం తేలిక, ఆయన మాట తీరూ అలాంటిదే. కానీ నాకు ఎక్కువ బాధ్యత కనిపించేది మర్యాదస్తుల దగ్గర. మనుషులంతా సమానులుగా పుట్టారన్నది పద్దెనిమిదో శతాబ్దపు మాట; మధ్య ఆఫ్రికా మనిషి యూరప్ మనిషితో సమానమంటే నమ్మలేనని బ్రిటిష్ విదేశాంగ మంత్రి బాల్ఫోర్ హౌస్‌తో అన్నాడు. హ్యూస్ గట్టిగా అరిచినదాన్నే ఆయన నెమ్మదిగా చెప్పాడు. అరిచేవాడొకడు ముందుంటే వెనక ఉన్నవాళ్లకు నోరు మెదపవలసిన పని ఉండదు. అమెరికా, బ్రిటన్ రెండూ హ్యూస్ చాటున నిలబడ్డాయి.

మూడో వాదన జపాన్‌నే అనుమానిస్తుంది. చైనాలోని షాండాంగ్‌లో జర్మనీకి ఉన్న హక్కులు తనకు కావాలని జపాన్ పట్టుబట్టింది. ఏప్రిల్ 28న సర్వసభ్య సమావేశంలో మకినో బాధ వెలిబుచ్చి, వాక్యం కోసం పట్టుబట్టకుండా ఊరుకున్నాడు. ఏప్రిల్ 30న షాండాంగ్ జపాన్‌కు దక్కింది. కాబట్టి సమానత్వమంతా బేరానికేనన్నది ఈ వాదన. తేదీలు అనుమానం రేపుతాయి, నిజమే. ఒకదాన్ని కాదన్నాక రెండోదాన్ని కూడా కాదంటే జపాన్ లేచి వెళ్లిపోతుందన్న భయం విల్సన్‌కు ఉంది. అయితే జపాన్‌లో పత్రికలు, సభలు ఈ విషయంపై హోరెత్తాయి. ప్రతినిధులకు స్వదేశం నుంచి ఒత్తిడి ఉంది. ఓడిపోయిన కోరికను తర్వాత బేరానికి వాడుకోవడం వేరు, మొదటి నుంచీ బేరం కోసమే తేవడం వేరు. రెండోదానికి ఆధారం బలహీనం. నష్టపోయింది మాత్రం జపాన్‌కు ఓటు వేసిన చైనా. షాండాంగ్ వార్త తెలిసి మే 4న బీజింగ్ విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. జూన్ 28న వెర్సాయ్ ఒప్పందంపై చైనా సంతకం చేయలేదు.

రెండో యుద్ధానికి ఇదే కారణమా?

1946లో జపాన్ చక్రవర్తి హిరోహిటో తన అనుచరులకు చెప్పి రాయించిన జ్ఞాపకాల్లో, యుద్ధానికి దూరపు కారణాల్లో పారిస్ తిరస్కారాన్ని, కాలిఫోర్నియా వలస నిషేధాన్ని పేర్కొన్నాడు. అందుకే ఈ వాదనకు అంత ప్రచారం. కానీ 1919 తర్వాత జపాన్ అలిగి కూర్చోలేదు. సమితి కౌన్సిల్‌లో శాశ్వత సభ్యత్వం తీసుకుంది. నిటోబె ఇనాజో సమితి ఉప ప్రధాన కార్యదర్శిగా పనిచేశాడు. 1921-22 వాషింగ్టన్ సమావేశంలో నౌకాబలం తగ్గించుకోవడానికీ ఒప్పుకుంది. 1933లో సమితిని వదిలింది చైనాలోని మంచూరియాను తాను ఆక్రమించడాన్ని 42 దేశాలు తప్పుపట్టినందుకు. అక్కడ జాతి సమానత్వం ఊసు లేదు.

నిజానికి ఎక్కువ గాయం చేసింది 1924 నాటి అమెరికా వలస చట్టం. పౌరసత్వ అర్హత లేనివారికి, అంటే ఆసియావారికి, ప్రవేశమే మూసేసింది. అంతకు ముందు ఏడాదే భగత్‌సింగ్ థిండ్ కేసులో భారతీయులు తెల్లవారు కారు, పౌరులు కాలేరని అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 1946లో మనకు పౌరసత్వం తలుపు తీసినప్పుడు ఇచ్చిన కోటా ఏడాదికి 100 మంది. దేశాల వారీ పాత కోటాలు పోయింది 1965 నాటి వలస చట్టంతో. ఈ రోజు డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగు కుటుంబాల కథ ఆ చట్టం తర్వాతే మొదలవుతుంది. గ్రీన్ కార్డుల్లో పుట్టిన దేశాన్ని బట్టి 7 శాతం పరిమితి మిగిలే ఉంది. అది అన్ని దేశాలకూ ఒకటే కాబట్టి 1924 నాటి నిషేధంతో సమానం చేయలేం. క్యూలో ఉన్నవారికి ఆ తేడా పెద్ద ఊరట కాదు.

1919 అవమానం యుద్ధాన్ని తేలేదు. యుద్ధం కోరుకున్న సైనికవాదులకు అది చెప్పుకోవడానికి పనికివచ్చింది. తెల్లవారి న్యాయం మనకు వర్తించదన్న మాటకు సాక్ష్యం వాళ్లు వెతుక్కోనక్కరలేకపోయింది, సమావేశం రికార్డులోనే ఉంది.

ఇరవై ఏడేళ్ల తర్వాత అదే వాదన

1945లో ఐక్యరాజ్యసమితి ఛార్టర్ తొలి అధికరణంలోనే జాతి, స్త్రీపురుష, భాష, మత భేదం లేకుండా మానవ హక్కులన్న మాట చేరింది. దానికి పక్కనే రెండో అధికరణంలో దేశాల అంతర్గత వ్యవహారాల్లో జోక్యం కూడదన్న నిబంధనా ఉంది. 1919లో అమెరికా, బ్రిటిష్ వలస రాజ్యాలు మా గడపలోకి ఎవరిని రానివ్వాలో మా ఇష్టం అన్నది ఈ రెండో సూత్రాన్ని పట్టుకునే.

రెండు అధికరణాలూ ఏడాదిలోనే ఢీకొన్నాయి. 1946లో దక్షిణాఫ్రికా నటాల్, ట్రాన్స్‌వాల్‌లలో భారతీయులు భూమి కొనడంపై, నివసించడంపై ఆంక్షలు పెడుతూ చట్టం చేసింది. భారతదేశం, ఇంకా స్వతంత్రం కాకముందే, దాన్ని ఐక్యరాజ్యసమితికి తీసుకువెళ్లింది. స్వాతంత్ర్యం రాకముందు దక్కిన సభ్యత్వం పేరుకే అని తీసిపారేసినవారికి అది జవాబు. విజయలక్ష్మీ పండిట్ మన బృందానికి నాయకురాలు. ఎదుట దక్షిణాఫ్రికా తరఫున వచ్చింది ప్రధాని యాన్ స్మట్స్, పారిస్‌లో మకినోకూ హ్యూస్‌కూ మధ్య రాజీ కుదర్చడానికి తిరిగిన మనిషే, ఛార్టర్ పీఠికకు తొలి రూపం రాసినవాడే. ఇది మా అంతర్గత వ్యవహారం అని ఆయన వాదించాడు.

డిసెంబర్ 8న దక్షిణాఫ్రికాలోని భారతీయుల విషయంపై తీర్మానానికి సర్వప్రతినిధి సభలో ఓటింగ్ జరిగింది. అనుకూలం 32, వ్యతిరేకం 15, తటస్థం 7. ఈసారి కావలసింది ఏకగ్రీవం కాదు, మూడింట రెండొంతులు, అది దాటింది. బ్రిటన్, అమెరికా రెండూ వ్యతిరేకంగానే ఓటు వేశాయి. తీర్మానాన్ని దక్షిణాఫ్రికా అమలు చేయలేదు, చట్టాన్ని అలాగే ఉంచింది.